సీసా అడుగున గీత

మా నాన్నకి పెట్రోలు గురించి ఏమీ తెలీదు. బండి తోలడం రాదు, సైకిలు కూడా అంతంత మాత్రమే. అయినా నా వ్యాను ట్యాంకులో ఉన్న రోగమేమిటో మేస్త్రి కంటే ముందు పట్టుకున్నది ఆయనే. అదెలాగో చెబుదామని ఇది రాస్తున్నాను. మన పత్రికలో పీఎఫ్ సంగతులు, పిల్లల చదువులు, పండగల కబుర్లు వస్తుంటాయి, బండి గురించి రాస్తే వేస్తారో వెయ్యరో అనుకున్నాను. కానీ ఇప్పుడు మన లైన్లలో కూడా మోటారు సైకిలు లేని ఇల్లు తక్కువ. ఆటో తోలుకుని బతికేవాళ్లూ ఉన్నారు. పైగా ఇందులో మిల్లు సంగతి కూడా ఉంది.

మాది గంజాం జిల్లా గోపాలపూర్. పుట్టింది మాత్రం హుగ్లీ ఒడ్డున ఒక జూటు మిల్లు లైనులో. మా తాత కాలం నుంచీ అక్కడే. 1855లో రిష్రాలో మొదటి మిల్లు పెట్టిన తర్వాత, గంజాం నుంచి, విశాఖ జిల్లా నుంచి మన వాళ్లు రైలెక్కి పోవడం మొదలైంది. అక్కడ మనల్ని మద్రాసీలనేవారు. మా నాన్న 31 ఏళ్లు బేచింగు ఖాతాలో పనిచేశాడు. మిల్లుకి తాళం పడి, తెరిచి, మళ్లీ పడినప్పుడు, చేతికొచ్చిన డబ్బు పట్టుకుని ఊరు వచ్చేశాడు. ఆ డబ్బులో సగంతో చెల్లి పెళ్లయింది. మిగతా సగంతో నాకు ఒక పాత ఓమ్ని వ్యాను వచ్చింది, 2009 మోడలు.

గోపాలపూర్ గురించి తెలియని వాళ్లకి ఒక మాట. బరంపురం నుంచి 16 కిలోమీటర్లు. పాత కాలంలో ఇక్కణ్ణించి ఓడల్లో కూలీలు రంగూన్ పోయేవారు. ఇప్పుడు కలకత్తా నుంచి బెంగాలీ బాబులు సముద్రం చూడ్డానికి వస్తారు. చిన్నప్పుడు లైనులో నేర్చుకున్న బెంగాలీ నాకు అన్నం పెడుతోంది అంటే అబద్ధం కాదు. స్టేషన్ దగ్గర, "దాదా, గోపాలపూర్ జాబేన్?" అంటే చాలు, ఎక్కేస్తారు. ఒడ్డున ఉన్న వాడలన్నీ మన తెలుగు వాళ్లవే, వేట మీద బతికే కుటుంబాలు. 2013 అక్టోబరు 12న, దుర్గాష్టమి రోజు రాత్రి, ఫైలిన్ తుపాను మా ఊరి దగ్గరే తీరం దాటింది. గంటకి 200 కిలోమీటర్లు దాటిన గాలి. అప్పుడు మా ఇంటి రేకులు ఎగిరి ఎక్కడ పడ్డాయో ఇప్పటికీ తెలీదు. సరే, ఆ కథ వేరు.

నేను చెప్పేది 2023 సంగతి. వినాయక చవితి వెళ్లిన వారం. మూడు రోజులుగా విడవకుండా వాన. రాత్రి తొమ్మిదింటికి ఒక బేరం దింపి వస్తూ, ఊరికి దగ్గర్లో ఉన్న బంకులో పదిహేను వందలకి పెట్రోలు కొట్టించాను. అప్పటికే లీటరు నూరు దాటింది కాబట్టి పద్నాలుగు లీటర్లు వచ్చిందేమో. బంకు నేల మీద చీలమండ లోతు నీళ్లు. పెట్రోలు కొట్టిన పిల్లాడు మన తెలుగు పిల్లాడే, వాళ్ల పెదనాన్న కూడా మిల్లులో చేసినాయనే. లుంగీ ఎగ్గట్టి, నెత్తిన ప్లాస్టిక్ సంచి పెట్టుకుని నిలబడ్డాడు. "అన్నా, చెల్లకి ఫీజు కట్టాల, ఎవరైనా అప్పిస్తారేటి?" అని అడిగాడు. నా దగ్గరే లేవురా అన్నాను. ఇంటికి వచ్చేలోపు బండి రెండుసార్లు దగ్గింది. వాన నీళ్లు ప్లగ్గుల్లోకి పోయాయనుకున్నాను.

తెల్లవారుజామున నాలుగున్నరకి పక్కింటి పెద్దమ్మ తలుపు కొట్టింది. వాళ్ల కూతురికి నొప్పులు మొదలయ్యాయి. పది రోజులు ముందే వచ్చేశాయట. అల్లుడు వేటకి పోయి పారాదీప్ వైపు ఉన్నాడు. చిన్నప్పటి నుంచీ నన్ను అన్నా అని పిలిచే పిల్ల. వెనక సీటు మీద దుప్పటి పరిచి పడుకోబెట్టాం. పెద్దమ్మ, ఇంకో ఆవిడ ఎక్కారు. బండి మామూలుగానే స్టార్టయింది. బరంపురం ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి అరగంట. ఆ టైములో రోడ్డు ఖాళీ.

నాలుగు కిలోమీటర్లు పోయామేమో. బండి ఒక కుదుపు, ఇంకో కుదుపు. ఏక్సిలేటరు తొక్కితే స్పీడు పెరగడానికి బదులు తగ్గుతోంది. తర్వాత ఊపిరి ఆగినట్టు ఆగిపోయింది. సెల్ఫు కొట్టాను. తిరుగుతోంది, అంటుకోదు. మళ్లీ కొట్టాను. వెనక ఆ పిల్ల పళ్లు బిగబట్టి మూలుగుతోంది. కొట్టగా కొట్టగా బ్యాటరీ కూడా నీరసించింది. ఇప్పుడు తెలుసు, అది నేను చేసిన మొదటి తప్పు. ట్యాంకులో నీళ్లున్నప్పుడు సెల్ఫు కొట్టిన ప్రతిసారీ ఆ నీళ్లు ఇంకొంచెం పైపులోకి, ఇంజక్టర్లలోకి ఎక్కుతాయి. అప్పుడు నాకు అంత తెలివి ఎక్కడిది? బానెట్ సీటు కింద ఉంటుంది కదా ఓమ్నికి, సీటు ఎత్తి, టార్చి వేసి, వైర్లు ఊపి చూశాను. చేతులు వణుకుతున్నాయి.

108కి ఫోన్ చేశాం. వస్తున్నామన్నారు. ఈలోపల బరంపురం బజారుకి చేపల గంపలు తీసుకెళ్లే ఆటో వచ్చింది. గంపలు రోడ్డు పక్కన దింపేసి, ఆ పిల్లని అందులో కూర్చోబెట్టాం. చేపల నీళ్ల మీదే. ఎక్కేటప్పుడు పెద్దమ్మ నా వైపు తిరిగి, "కిరసనాయిలు కలిపినావేట్రా బాబూ?" అంది.

ఆ మాట నన్ను ఎక్కడ పొడిచిందో చెప్పాలి. మా వాడలో ప్రతి ఇంట్లో పడవ ఇంజనుకి కిరసనాయిలు ఉంటుంది. ఆ వాసన మా చొక్కాల్లో కూడా ఉంటుంది. అద్దె బండ్ల వాళ్లు కొందరు ఖర్చు కలిసొస్తుందని అది కలుపుతారనే మాట కూడా ఉంది. నేను ఏనాడూ కలపలేదు. కానీ ఆ చీకట్లో ఎవరికి చెప్పను? గంపల పక్కన నిలబడి, ఆటో వెనక ఎర్ర లైటు కనబడకుండా పోయేదాకా చూశాను. ఆ చేపలకి తెల్లారేదాకా కాపలా కాశాను కూడా.

ఆసుపత్రికి చేరిన ముప్పావు గంటకి ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం. ఆ కబురు ఏడింటికి వచ్చింది. అప్పటికి గాని నాకు కాళ్లలో సత్తువ రాలేదు.

బండిని ట్రాక్టరుకి కట్టి మేస్త్రి షెడ్డుకి తెచ్చాను. మేస్త్రి నాకు బావ వరస. ప్లగ్గులు తీశాడు, మంట బాగానే ఉంది. "పెట్రోలు మోటారు పోయుంటుంది బావా, కొత్తది వెయ్యాల" అన్నాడు. మోటారు ట్యాంకు లోపల ఉంటుంది. నాలుగున్నర వేలు అన్నాడు. అప్పటికి నా దగ్గర ఉన్నది పన్నెండు వందలు.

నాన్న టీ పట్టుకుని షెడ్డుకి వచ్చాడు. కూర్చుని అంతా విన్నాడు. తర్వాత, "మోటారు పోనాదంటే మరి పెట్రోలు పైకి రాకూడదు గదా. వస్తందో నేదో ముందు సూడరాదా?" అన్నాడు. బావకి కొంచెం కోపం వచ్చింది గాని, ఫిల్టరు దగ్గర పైపు ఊడదీసి, గాజు సీసా పెట్టి, తాళం తిప్పాడు. సీసాలోకి ధార బాగానే పడింది. మోటారు బతికే ఉంది. పెట్రోలు కూడా చూడ్డానికి శుభ్రంగానే ఉంది, నలక లేదు, గీత లేదు. నీళ్లయితే రెండు పొరలుగా కనబడాలి కదా, కనబడలేదు. "పెట్రోలు బాగానే ఉంది" అన్నాడు బావ.

నాన్న ఆ సీసా తీసుకుని వెలుతురుకి ఎత్తి చూశాడు. వాసన చూశాడు. "రంగు ఎలిసిపోనట్టుంది. ఇది నూనె నాగ నేదు" అన్నాడు. "మంచి పెట్రోలు కూసింత ఇందులో పొయ్యి."

బావ మోటారు సైకిలు నుంచి ఒక గ్లాసుడు పట్టి పోశాడు. పోసిన కొద్దిసేపటికే సీసా మధ్యలో గీత పడింది. పైన పోసింది ఎర్రగా పైనే నిలబడింది, కింద ఉన్నది తెల్లగా కిందనే ఉంది. అంటే సీసాలో ముందు పట్టినదంతా కింది పొరే. మొత్తం నీళ్లే అయితే ఇక గీత ఎక్కడ పడుతుంది? నేను ఈ ఒక్క ముక్క కోసమే ఇదంతా రాస్తున్నాననుకోండి. సీసాలో గీత లేదు కాబట్టి పెట్రోలు మంచిదని నమ్మకండి. అనుమానం ఉంటే మంచి పెట్రోలు కలిపి చూడండి. బీడీలు కాల్చేవాళ్లకి దూరంగా.

"నీకెలా తెలిసింది నాన్నా?" అంటే, "ముప్పై ఏళ్లు నాను సేసిన పని ఏటనుకున్నావు?" అన్నాడు.

బేచింగు పని చేసిన ఇళ్లవాళ్లకి ఇది తెలిసే ఉంటుంది. తెలియని వాళ్ల కోసం చెబుతాను. బేళ్లు విప్పిన నార గట్టిగా, పెళుసుగా ఉంటుంది. అలాగే మిషనులోకి పోతే తెగిపోతుంది. అందుకని రోలర్ల మధ్య నలుపుతూ, నూనె, నీళ్లు కలిపిన పాలలాంటి మందు చల్లుతారు. తర్వాత కుప్ప పోసి మగ్గబెడతారు. నూనె అంటే రిఫైనరీ నుంచి వచ్చే బేచింగు ఆయిలు. (తర్వాత్తర్వాత తిండిగింజల సంచులకి తవుడు నూనె వాడడం మొదలైంది.) నూనె, నీళ్లు వాటంతట అవి కలవవు. సబ్బులాంటి మందు వేసి బాగా చిలికితేనే పాలలా కలుస్తాయి. మందు తక్కువైనా, చిలకడం తక్కువైనా, కాసేపటికి ట్యాంకులో పాలు విరిగిపోతాయి. నూనె పైకి, నీళ్లు కిందికి. అప్పుడు కింది గొట్టంలోంచి వట్టి నీళ్లే పోతాయి. ఒక కుప్పకి నీళ్లే, ఇంకో కుప్పకి నూనే. మా నాన్న రోజూ షిఫ్టు మొదట్లో గాజు గ్లాసులో ఆ పాలు పట్టి కిటికీ మీద పెట్టి, బీడీ అయ్యేదాకా చూసేవాడట. గీత పడిందా, సర్దారుని పిలిచేవాడు.

పెట్రోలుది ఇంకొంచెం తిరకాసు. పాత రోజుల్లో పెట్రోలులో నీళ్లు పడితే పడినంతే అడుగున ఉండేవి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, అంటే చెరుకు మడ్డి నుంచి, ధాన్యం నుంచి తీసే సారాయి లాంటిది. 2022 జూన్ నాటికి దేశంలో సగటున నూటికి 10 వంతులు కలపడం అయిపోయింది. 2023లో 20 వంతులది కూడా దించడం మొదలుపెట్టారు. ఇథనాల్‌కి పెట్రోలుతోనూ స్నేహమే, నీళ్లతోనూ స్నేహమే, కానీ నీళ్లంటే ఎక్కువ ఇష్టం. 10 వంతులు కలిసిన పెట్రోలు లీటరుకి సుమారు ఒక టీ చెంచాడు నీళ్లు పైకి కనబడకుండా మింగేస్తుంది. అంతవరకు బండికి పెద్ద ఇబ్బంది లేదు. ఆ చెంచా దాటితే మాత్రం ఇథనాల్ పెట్రోలుని వదిలేసి నీళ్లతో కలిసి అడుక్కి దిగిపోతుంది. అప్పుడు కింద చేరేది పడిన నీళ్ల కంటే చాలా ఎక్కువ. బండి మోటారు పీల్చేది అడుగు నుంచే కదా. ఇక పైన మిగిలిన పెట్రోలు కూడా సారం పోయినదే, దాంతో ఇంజను టకటక కొట్టుకుంటుంది. కింది పొర తీసేసి పైది వాడుకుందాం అనుకునేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోండి.

ముందు రాత్రి బండి రెండుసార్లే దగ్గి ఇల్లు చేరడం, తెల్లారి నాలుగు కిలోమీటర్లకే చావడం ఎందుకో కూడా అప్పుడు అర్థమైంది. రాత్రి అంతా కదిలిపోయి కలగలిసి ఉంది. ఇంటి ముందు ఏడెనిమిది గంటలు నిలబడేసరికి తేరుకుని అడుగున చేరింది. పైపులో ఉన్న పాతదాంతో స్టార్టయింది, అది అయిపోగానే నీళ్లు అందుకున్నాయి.

బావ ట్యాంకు దించాడు. అంతా ఒలకబోసి, ఎండలో పెట్టి, మోటారు అడుగున ఉండే జల్లెడ కడిగి, కొత్త ఫిల్టరు వేసి, పైపుల్లో గాలి కొట్టి, ఇంజక్టర్లు శుభ్రం చేశాడు. రెండు రోజుల పని. ట్రాక్టరుతో కలిపి 6,200 రూపాయలు. ఆ పాడు పెట్రోలు నాకివ్వు, కట్టెలు అంటించుకుంటాను అని ఒకాయన వచ్చాడు. ఇవ్వలేదు. ఇవ్వనందుకు ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడడు.

ఆ సీసా, బిల్లు పట్టుకుని బంకుకి వెళ్లాను. బిల్లు జేబులో ఉండడం నా అదృష్టం, మామూలుగా తీసుకోను. అప్పటికే అక్కడ ముగ్గురు మోటారు సైకిళ్ల వాళ్లు, ఒక బొలెరో ఆయన ఉన్నారు. బొలెరోలో చేపల లోడు దారిలో ఆగిపోయి, ఐసు కరిగి, సరుకంతా పోయింది. మేనేజరు మొదట అందరూ చెప్పే మాటే చెప్పాడు. మీ ట్యాంకులు తుప్పు పట్టాయి, వానలో మూత తీసి పెట్టారు అని. ఒకేసారి ఐదు బండ్లకా అని బొలెరో ఆయన అరిచాడు.

మేం కంప్లైంటు పుస్తకం అడిగాం. అడిగితే ఇవ్వాలి, అది బంకులో ఉండి తీరాలి. అడ్డబద్దకి పేస్టు పూసి ట్యాంకులో దించమన్నాం. నీళ్లు తగిలినంత మేర ఆ పేస్టు రంగు మారిపోతుంది. చాలాసేపు నసిగి దించారు. పైకి తీస్తే అడుగున బెత్తెడు మేర ఎర్రగా ఉంది. వడపోత కాగితం పరీక్ష గురించి మీరు వినే ఉంటారు, చుక్క వేస్తే రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోవాలి అని. అది కిరసనాయిలు లాంటి కల్తీ పట్టుకోవడానికి. నీళ్లకి ఈ పేస్టే.

కల్తీ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఇది చిన్న విషయం కాదు. 2005 నవంబరు 19న ఉత్తరప్రదేశ్ లఖింపూర్ ఖేరీలో మంజునాథ్ అనే కుర్ర ఆఫీసరుని, ఇండియన్ ఆయిల్ ఉద్యోగి, కల్తీ పట్టుకుని బంకు మూయించినందుకు కాల్చి చంపారు. 2011 జనవరి 25న మహారాష్ట్రలో మన్మాడ్ దగ్గర యశ్వంత్ సోనవణే అనే అదనపు కలెక్టరుని, చమురు దొంగతనాన్ని అడ్డుకోబోతే పోసి తగలబెట్టారు. మా బంకులో జరిగింది అలాంటి దొంగతనం కాదు, వట్టి నిర్లక్ష్యం. కానీ వాళ్ల సంగతి తెలిసినవాడికి కంప్లైంటు పుస్తకం తెరిచేటప్పుడు చెయ్యి కొంచెం తడబడుతుంది.

నిర్లక్ష్యం ఎవరిది అన్నదే అసలు గొడవ. బంకు ట్యాంకులు నేల లోపల ఉంటాయి. ట్యాంకరు వచ్చినప్పుడు నింపే గొట్టం నేల మట్టానికి ఒక గుంటలో ఉంటుంది, దానికి మూత, మూతకి రబ్బరు వాషరు. ఆ గుంటలో వాన నీళ్లు నిండిపోయాయి. మేనేజరు మమ్మల్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఒక కాగితం ముందు పెట్టాడు. ఒడియాలో ఉంది. నాకు బెంగాలీ వచ్చు గాని ఒడియా చదవడం అంతంత మాత్రం, బొలెరో ఆయన చదివాడు. ఆ రాత్రి డ్యూటీ పిల్లాడు మూత తెరిచి వదిలేశాడు, అది మేం కళ్లారా చూశాం, అందువల్లే నీళ్లు చేరాయి. కింద మా సంతకాలు. సంతకం పెడితే పెట్రోలు డబ్బు, రిపేరు డబ్బు రేపే ఇస్తాం, పుస్తకంలో రాయడం ఎందుకు, అన్నాడు.

మేం మూత చూడలేదు. ఎవరం చూడలేదు. నేను బయటికి వచ్చి ఆ గుంట దగ్గరికి వెళ్లాను. మూత గట్టిగానే బిగించి ఉంది. ఆ పిల్లాడు అక్కడే నిలబడి ఉన్నాడు, మొహం పాలిపోయి. మేనేజరు చూడకుండా మూత విప్పి చూపించాడు. లోపలి వాషరు పాత చెప్పులా పగుళ్లు. "రెండు సార్లు సెప్పాను అన్నా, కొత్తది తెమ్మని. తెస్తాం తెస్తాం అన్నారు" అన్నాడు.

రేపు వస్తానని చెప్పి ఇంటికి వచ్చేశాను. నిజం చెబుతున్నాను, సంతకం పెట్టేద్దామనే అనుకున్నాను. ఏడు వేల ఏడు వందలు. నెల వాయిదా ఐదో తారీఖున ఉంది. ఆ పిల్లాడిది ఎలాగూ పర్మనెంటు ఉద్యోగం కాదు, ఇంకో బంకులో దొరుకుతుంది అనుకున్నాను. ఇలాంటి మాటలు మనసు ఎంత సులువుగా అల్లుకుంటుందో!

రాత్రి అన్నాల దగ్గర నాన్నతో చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. చెయ్యి కడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. చాలాసేపటికి పిలిచాడు.

"మా బేచింగులో నా జతగాడు ఒకడుండేవోడు. ఇచ్ఛాపురం అవతల పల్లి. ఒకే పళ్లెంలో తిన్నోళ్లం. ఒకసారి పాలు ఇరిగిపోనాయి, మూడు షిఫ్టుల నార పాడయ్యింది. మందు ఎయ్యడం తగ్గించమన్నది పైవోళ్లే. ఆ సంగతి మా అందరికీ తెల్సు. రాతిరి డ్యూటీ ఆడిది. ఆడు తాగేసి మందు ఎయ్యడం మరిసిపోనాడని కాయితం రాసి మా సేత ఏలిముద్రలు ఎయ్యమన్నారు. అప్పటికి నాను బదిలీ. ఏస్తే పర్మనెంటు సేస్తామన్నారు."

నేను అడగలేదు. ఆయనే అన్నాడు. "ఏసినాను. నువ్వు పుట్టిన సంవత్సరం అది."

తర్వాత ఏం జరిగిందో రెండు మాటల్లో చెప్పాడు. ఆ జతగాడు లెక్క తీసుకుని ఊరికి పోయాడు. స్టేషన్‌కి మా నాన్నే పెట్టె మోసుకెళ్లాడట. ఆయనకి కాగితం సంగతి తెలుసో తెలీదో నాన్నకి ఇప్పటికీ తెలీదు. ముప్పై ఏళ్ల పైగా ఈ మాట మా అమ్మకి కూడా చెప్పలేదు. తలుపు వెనక నుంచి అమ్మ వింటోందని ఆయనకి తెలుసనుకుంటాను.

నన్ను సంతకం పెట్టొద్దని మాత్రం అనలేదు. "వాయిదా ఐదో తారీకు గదా" అని లోపలికి పోయి పడుకున్నాడు.

పొద్దున్న నేను పుస్తకంలో రాశాను. తెలుగులోనే రాశాను. తేదీ, టైము, బిల్లు నంబరు, ఎన్ని లీటర్లు, సీసాలో ఏం కనబడింది, అడ్డబద్ద మీద ఎంత ఎర్రగా ఉంది, మూత బిగించే ఉంది, వాషరు పగిలి ఉంది. అంతే. ఎవరినీ తిట్టలేదు. రాసిన పేజీ ఫోనులో ఫొటో తీసుకున్నాను. ఇద్దరు మోటారు సైకిళ్ల వాళ్లు కింద సంతకాలు పెట్టారు. మూడో అతనూ, బొలెరో ఆయనా మేనేజరు కాగితం మీదే పెట్టి డబ్బు తీసుకున్నారు. బొలెరో ఆయన్ని నేను తప్పు పట్టను. ఆయన పోగొట్టుకున్న సరుకు నా రిపేరుకి పది రెట్లు.

కంపెనీ నుంచి ఆఫీసరు వచ్చి సీసాల్లో పట్టుకెళ్లాడు. బంకు కొన్నాళ్లు మూసి ట్యాంకు కడిగించారు. గుంట చుట్టూ సిమెంటు గట్టు కట్టి ఎత్తు చేశారు, వాషరు మార్చారు. నాకు పెట్రోలు డబ్బు నెల తర్వాత వచ్చింది. రిపేరు డబ్బు రాలేదు. వాయిదాకి మా ఆవిడ కమ్మలు కుదువ పెట్టాం.

పిల్లాణ్ణి పనిలోంచి తియ్యలేదు. రాత్రి డ్యూటీలే వేస్తూ వచ్చారు. సంక్రాంతి అయ్యాక వాడే మానేసి, గంజాం నుంచి పోయే మిగతా వాళ్లతో పాటు సూరత్ రైలెక్కాడు. మగ్గాల పని. పన్నెండు గంటల షిఫ్టట. అక్కడ మన పత్రిక దొరుకుతుందో లేదో, దొరికితే చదువుతాడు.

పక్కింటి పెద్దమ్మ మనవరాలి పేరు పెట్టుకునే రోజున పిలిచింది. వెళ్లాను, సీసా సంగతి చెప్పాను. "అలాగా బాబూ" అంది. కానీ ఆ తర్వాత ఆసుపత్రి పని పడితే ఆటోనే పిలుస్తోంది. నేనూ ఏమీ అనను. ఆ రోజు వెనక సీట్లో ఉన్నది నా కూతురైతే నేనూ అంతేనేమో.

మొన్న చలికాలంలో నాన్న ఒకరోజు, "ఇచ్ఛాపురం ఎంత దూరం?" అని అడిగాడు. ఆయనకి తెలుసు ఎంత దూరమో. బేరం మానుకుని తీసుకెళ్లాను. 16వ నంబరు జాతీయ రహదారి మీద గంట ప్రయాణం. ఆ పల్లెలో ఇల్లు వెతకడానికి ఇంకో గంట పట్టింది. ఆ జతగాడు పోయి ఆరేళ్లయిందట. భార్య ఉంది, కొడుకు ఉన్నాడు. కొడుకు కూడా లారీ తోలతాడు. నులక మంచం వాల్చారు, టీ ఇచ్చారు. "మీరు ఆయనతో పని సేసినోరా?" అని ఆవిడ అడిగితే, "అవునమ్మా, ఒకే ఖాతా" అన్నాడు నాన్న. గోడ మీద ఫొటో వైపు చూస్తూ కూర్చున్నాడు. చెప్పేస్తాడేమో అని నేను లేచి బయటికి వచ్చాను. తిరిగి వెళ్లేసరికి ఖాళీ గ్లాసు ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. ఏం చెప్పాడో నేను అడగలేదు.

తిరుగు దారిలో పెట్రోలు కొట్టించడానికి ఆపాను. నాన్న దిగి, సీటు కింద నుంచి గాజు సీసా తీసి, పిల్లాడికి ఇచ్చాడు. "ముందు ఇందులో కూసింత పట్టు బాబూ" అన్నాడు.